రాజుల పేర్లు పోయాక

మా ఆయన చాలా ఏళ్లు ఉప్పల్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో, గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లలకు మధ్యయుగ భారతదేశ చరిత్ర చెప్పారు. ఢిల్లీ సుల్తానులు, కాకతీయులు, బహమనీలు, విజయనగరం, మొఘలులు. ఎవరి తర్వాత ఎవరు గద్దె ఎక్కారన్నది పరీక్షకు కావాలి కనుక చెప్పేవారు. ఆయనకు అసలు ఇష్టం వేరు. అంతంత రాజ్యాలను, వార్త చేరడానికే వారాలు పట్టే రోజుల్లో, ఎట్లా నడిపారన్నదే ఆయన పిచ్చి. శిస్తు ఎవరు వసూలు చేశారు, గుర్రాలను ఎవరు మేపారు, రాజు కబురు పెడితే సైన్యాన్ని వెంటబెట్టుకుని ఎవరు వచ్చారు. అన్నం తింటూ కూడా అవే చెప్పేవారు. నేను ఊ కొడుతూ మజ్జిగ పోసేదాన్ని.

నాది రసాయన శాస్త్రం. సర్కారు పరిశోధనశాలలో ఉద్యోగం. మాది కృష్ణా జిల్లా, ఆయనది హనుమకొండ పక్కన పల్లె. క్లాసులో ఆయన పుస్తకాల తెలుగు మాట్లాడేవారు, గుమ్మంలో చెప్పులు విడిచీ విడవగానే వాళ్ల ఊరి తెలుగులోకి దిగేవారు. పెళ్లయిన కొత్తలో 'గట్లనా', 'ఏంది' అంటుంటే మా అమ్మ నవ్వు ఆపుకోలేకపోయేది. తర్వాత ఆవిడే ఆయన మాట కోసం చెవి ఒగ్గి కూర్చునేది. అంత బాగా చెప్పేవారు ఏ సంగతైనా.

ఒక వానాకాలం పొద్దున, నాచారంలో మా ఇంటి బాల్కనీలో, ఆయన చేతిలోంచి పేపరు జారిపోయింది. తీసుకుంటారులే అని నేను స్టవ్ దగ్గరే ఉన్నాను. ఎంతకూ కదలకపోతే వెళ్లి చూశాను. నోరు ఒక పక్కకు లాగేసింది. నన్ను చూసి ఏదో చెప్పబోయారు. మాట కాదు, గాలి వచ్చింది. కింది ఫ్లాట్ అబ్బాయి కారు తీశాడు. తొందరగానే తీసుకొచ్చారని డాక్టర్లు అన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి కాలూ చెయ్యీ మెల్లగా వస్తాయి, మాట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు.

పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వచ్చి కొన్నాళ్లుండి వెళ్లింది. దాని పేరు కూడా ఆయన నోట రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది. తను చెప్పాలనుకున్నదీ తెలుసు. మధ్యలో ఎక్కడో దారి తెగిపోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది: 'గదే'. మా వైపు 'అదే' అంటామే, అది. ఆకలేస్తే గదే. ఫ్యాను ఆపమంటే గదే. కోపం వస్తే గట్టిగా గదే. ఒక్కోసారి నా చేయి పట్టుకుని మెల్లగా, గదే. ఆ ఒక్క మాటలో ఎన్ని స్వరాలున్నాయో నేను ఆ నెలల్లో నేర్చుకున్నాను.

స్పీచ్ థెరపీకి వారం వారం దవాఖానాకు తీసుకెళ్లేదాన్ని. అక్కడి అమ్మాయి ఓపికగా బొమ్మల కార్డులు చూపించేది. కప్పు. ఆవు. తాళంచెవి. ఆయన ఆవు బొమ్మను కాసేపు చూసి, కార్డును ఎడమచేత్తో బల్ల మీద బోర్లా పెట్టేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు ఆయన నోటివెంట వచ్చినది వచ్చినట్టు రాసుకునేవారు. అలాంటి మనిషికి ఆవు బొమ్మ చూపిస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ అమ్మాయికీ తెలిసినట్టే ఉంది. నన్ను పక్కకు పిలిచి, ఆయనకు ఏదంటే ఇష్టమని అడిగింది. చెప్పాను. అయితే ఇంట్లో అదే చదివి వినిపించండి, ఆయన ఏమన్నా అనబోతే మాట అందించకండి, ఎంతసేపైనా ఆగండి అంది.

ఆగడమే కష్టమైంది. ఎదుటి మనిషి ఒక మాట కోసం తన్నుకులాడుతుంటే, ఆ మాట మన నాలుక చివర ఉండి కూడా పలక్కుండా ఉండటం.

ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, బాల్కనీలో ఆయన పక్కన కుర్చీ వేసుకుని చదవడం మొదలుపెట్టాను. ఇంటర్ స్థాయి పుస్తకం తీసుకున్నాను, నాకూ అర్థం కావాలిగా. ఫారసీ మాటలకు నాకు నోరు తిరిగేది కాదు. ఢిల్లీ సుల్తానులు అధికారులకు ఊళ్ల శిస్తు అప్పగించే 'ఇక్తా' అన్నదాన్ని మూడు రకాలుగా పలికాను. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. కళ్లు మూసుకున్నా అప్పుడప్పుడు నుదురు ముడిపడేది, నేను తప్పు చదివిన చోటల్లా.

ఒక సాయంత్రం పుస్తకం మూసి, ఆ రోజు చదివింది మా అమ్మాయికి ఫోన్‌లో చెబుతున్నాను. నాయంకర విధానమని ఒకటుందట, నాయకులకు ఊళ్లిచ్చి సైన్యాన్ని పోషించమనేవారట, ఢిల్లీ సుల్తానులు పెట్టారట అని. వెనక నుంచి కుర్చీ కిర్రుమంది.

"కాదు," అన్నారు ఆయన.

నేను ఫోను పట్టుకునే తిరిగాను. ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. నాకు తెలుసు ఆయన ఏమనబోతున్నారో. అప్పటికి తప్పు నాకే తెలిసొచ్చింది. అయినా అందించలేదు. 

"మనది," అన్నారు. "నాయంకర... మనది."

కాకతీయులది. ఓరుగల్లుది. ఆయన ఊరి పక్కది. ఆ సాయంత్రం నేనేం వండానో గుర్తులేదు కానీ, ఇద్దరం చాలాసేపు కబుర్లు చెప్పుకున్నట్టే అనిపించింది. మాట్లాడిందంతా నేనే.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను కావాలనే తప్పులు చదివాను. మొఘలుల మన్సబ్దారీని విజయనగరానికి అంటగట్టాను. గోల్కొండను బీదరులో పెట్టాను. మొదట్లో "కాదు" అనేవారు. తర్వాత "కాదు కాదు". ఒకరోజు నేను బహమనీలను ఏకంగా కాశ్మీరానికి పంపేసరికి నా ముఖంలోకి చూసి, సంగతి అర్థమై, నవ్వేశారు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. సగం ముఖంతో నవ్వారు.

చలికాలం మొదలయ్యాక ఒక ఆదివారం, కోచింగ్ సెంటర్‌లో ఆయన దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నానే కానీ ముప్పైకి దగ్గర్లో ఉంటుంది. జనగామ వైపు నుంచి వచ్చి, చెంగిచెర్లలో వాళ్లమ్మతో కలిసి అద్దెకుంటోంది. నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. షిఫ్టు దిగాక, నిద్ర కళ్లతోనే ఉప్పల్ వచ్చి క్లాసులో కూర్చునేదట. సార్‌కు బాగాలేదని కోచింగ్ సెంటర్‌లో చెప్పారట, ఎంత బాగాలేదో చెప్పలేదట. సంచీలో జామకాయలు తెచ్చింది.

ఆయన్ను చూసి ముందు బిత్తరపోయింది. ఆయన "గదే... గదే..." అంటూ కుర్చీ చూపించారు. ఆమె నా వైపు ఒకసారి చూసి, కూర్చుని, ఏమీ జరగనట్టే మొదలుపెట్టింది.

"సార్, నాకు ఇక్తా జర సమజ్ కాలే. కొత్త సార్ మస్తు ఫాస్ట్ చెప్తుండు. అడుగుదామంటే మెటీరియల్ సదువుకో అంటుండు."

నేను అడ్డుపడబోయాను, ఆయనకు అంత శక్తి లేదమ్మా అని. ఆయన ఎడమచెయ్యి ఎత్తి నన్ను ఆపారు. వంటింటి వైపు చూపించారు. పళ్లెం ఆకారం గాలిలో గీశారు. పళ్లేలు తెచ్చాను. గ్లాసులన్నారు, సైగతోనే. తెచ్చాను. కాసేపు ఆలోచించి కుక్కర్ కూడా తెమ్మన్నారు. శనగల డబ్బా కూడా.

కుక్కర్‌ను భోజనాల బల్లకు ఆ చివర పెట్టారు. అది ఢిల్లీ. పళ్లేలు ఊళ్లు, పరగణాలు. ఒక్కో పళ్లెం పక్కన ఒక గ్లాసు. పళ్లెంలో శనగలు పోశారు. అందులోంచి కొన్ని తీసి గ్లాసులో వేశారు, దాన్ని సైన్యంలా నడిపించి చూపించారు. మిగిలినవి ఏరి కుక్కర్‌లో వేశారు. అంతవరకూ ఆమె తల ఊపుతూనే ఉంది. తర్వాత ఆయన ఒక గ్లాసును ఆ పళ్లెం పక్క నుంచి ఎత్తి, దూరంగా ఇంకో పళ్లెం పక్కన పెట్టారు. దాని చోట వేరే గ్లాసు పెట్టారు. పళ్లెం కదల్లేదు. మళ్లీ ఎత్తారు, మళ్లీ మార్చారు. కుడిచెయ్యి సాయం రాక ఒక గ్లాసు పడి దొర్లిపోయింది. ఆమే వంగి తీసి ఇచ్చింది.

చాలాసేపు ఆ బల్ల వైపే చూసి, ఆమె మెల్లగా అంది. "అంటే మా కంపెనీల సూపర్‌వైజర్ లెక్క, సార్. ఒక లైన్ అప్పజెప్తరు. మనుషుల్ని ఆయనే సూసుకోవాలె, మాలు పైకి పంపాలె. కానీ లైన్ ఆయనది గాదు. ఎప్పుడంటే అప్పుడు వేరే లైన్‌కు ఏస్తరు. ఒక్కదాంట్లనే ఉంటె నాదే అనుకుంటడని."

ఆయన అరచేత్తో బల్ల మీద కొట్టారు. శనగలు ఎగిరిపడ్డాయి.

"గదే," అన్నారు.

అన్ని నెలల్లో ఆ మాట, చెప్పదలచుకున్న దానికి సరిగ్గా సరిపోవడం అదే మొదటిసారి. ఆయనకూ తెలిసింది. మళ్లీ అన్నారు, ఈసారి మెల్లగా, రుచి చూస్తున్నట్టు. నేను నీళ్ల గ్లాసు నెపంతో వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఆమె ఆదివారం ఆదివారం రావడం మొదలుపెట్టింది. ఆయన పొద్దున్నే గడ్డం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. వింతేమిటంటే, వచ్చినవన్నీ ఊరి మాటలు. క్లాసులో వాడే పుస్తకాల భాష ఒక్క ముక్కా రాలేదు. 'రాచరికం' రాలేదు కానీ 'దొరతనం' వచ్చింది. 'సైన్యం' బదులు 'దండు' అన్నారు. ఇంకో వింత, రాజుల పేర్లు ఒక్కటీ రాలేదు. పద్ధతులన్నీ ఉన్నాయి, పేర్లు పోయాయి. "గా రాజు... గుర్రం... ముద్ర" అనేవారు. గుర్రాలకు ముద్ర వేయించిన సుల్తాను ఎవరో ఆమె చెప్పేది. ఒకే గుర్రాన్ని రెండుసార్లు చూపించి లెక్కకు ఎక్కించేవాళ్లు కనుక ముద్ర వేయించాడని ఆయన వేళ్లతో, మాటలతో కలిపి చెప్పేవారు. పేరు ఆమెది, సంగతి ఆయనది. అట్లా కుదిరింది వాళ్లకు.

అట్లా కుదిరిందని ఆయన మాత్రం ఒప్పుకోలేదు. ఒక ఆదివారం ఓరుగల్లు కోట గురించి చెబుతున్నారు. ఒక్కో బురుజును ఒక్కో నాయకుడికి అప్పజెప్పారన్న సంగతి. చివరి రాజు పేరు దగ్గర ఆగారు. ఆయన చిన్నప్పుడు ఆ కోట రాళ్ల మధ్యే ఆడుకున్నారు. ఆ పేరు తెలియని మనిషి ఆ చుట్టుపక్కల ఉండడు. ఆమె చెప్పబోతే వద్దన్నారు. కళ్లు మూసుకున్నారు. చెమట పట్టింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ పేరు నా పెదవుల మీదకు రాకుండా పంటితో బిగబట్టుకున్నాను. ఎంతకూ రాలేదు. ఆయన లేచి, గోడ పట్టుకుని గదిలోకి వెళ్లి, మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

నేను వెళ్లబోయాను. ఆమె నా కంటే ముందే లేచింది. గది లోపలికి పోలేదు, గడప దగ్గరే నిలబడింది.

"సార్, పేర్లు పుస్తకంల ఉన్నయ్. అవి నేను సదువుకుంట. ఎట్ల నడిపిన్రో గది మీరు చెప్పున్రి. గది పుస్తకంల ఇట్ల లేదు."

ఆయన కదల్లేదు. ఆమె వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నేను ఇద్దరికీ టీ పెట్టాను. టీ సగం అయ్యాక గదిలోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన వచ్చి కూర్చుని, ముఖం తుడుచుకుని, ఎక్కడ ఆగారో అక్కణ్ణుంచి మొదలుపెట్టారు. 'గా రాజు' అన్నారు, అంతే. ఆ రోజే ఆమె అడిగింది, ఇన్ని పద్ధతుల్లో రైతు ఎక్కడున్నాడని. ఆయన గ్లాసుల వంకా పళ్లేల వంకా చూశారు. తర్వాత పళ్లేలన్నీ ఎత్తి, కింద ఉన్న బల్లను తట్టారు.

"గీడ," అన్నారు.

నా పేరూ పోయింది ఆ రాజుల పేర్లతోనే. నన్ను "ఇగో" అని పిలిచేవారు. పేరు లేకపోతేనేం, పిలుస్తున్నారు కదా అని సర్దుకున్నాను. అమ్మాయికి ఫోన్‌లో కూడా అట్లాగే చెప్పేదాన్ని. సంక్రాంతి దాటాక అనుకుంటా, నేను గిన్నెలు తోముతున్నాను. హాల్లో పాఠం జరుగుతోంది. పాఠం మధ్యలోంచి ఆయన నా పేరు పెట్టి పిలిచారు. మంచినీళ్ల కోసం. పెళ్లయినప్పటి నుంచి పిలిచినట్టే, చివరి అక్షరం కాస్త సాగదీసి. పిలిచి మళ్లీ పాఠంలో పడిపోయారు. తాను ఏం చేశారో ఆయనకే తెలియలేదు. నేను కొళాయి కట్టేసి, తడి చేతులతో అక్కడే నిలబడిపోయాను. తర్వాత నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆమె గమనించింది. మర్నాడు మళ్లీ 'ఇగో' అయ్యాను. అప్పటి నుంచి ఆ పేరు కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు.

ఎండలు ముదిరే వేళకు ఆమె నాకు ఫోన్ చేసింది. షిఫ్టు మార్చారట, ఆదివారాలు పని పడిందట. వాళ్లమ్మకు మోకాళ్లు పట్టేశాయట. ఈసారికి పరీక్ష వద్దనుకుంటున్నా మేడం, సార్‌కు మీరే చెప్పున్రి అంది. గొంతులో ఏడుపు లేదు. అప్పటికే ఏడ్చేసి ఉంటుంది. ఆయనకు చెప్పాను. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చెప్పులు వేసుకుని తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"పోదాం," అన్నారు.

జబ్బు చేశాక దవాఖానాకు తప్ప ఆయన ఇల్లు కదల్లేదు. ఆటో మాట్లాడాను. మల్లాపూర్ మీదుగా పోనిచ్చాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. చెంగిచెర్లలో వాళ్ల కాలనీ దొరకబుచ్చుకునేసరికి పొద్దు వాలుతోంది. ఆమె నల్లా దగ్గర బిందె పట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి బిందె వదిలేసింది. వాళ్లమ్మ కుంటుతూ వచ్చి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. గేటు పట్టుకుని నిలబడే, ఒక్కొక్క మాటా కూడదీసుకున్నారు. నల్లా పారుతూనే ఉంది. ఎవరూ కట్టలేదు.

"నువ్వు... రాలే," అన్నారు. "నేను... వచ్చిన."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏ రోజు సెలవని ఆయన అడిగారు, అడగడానికి కొంతసేపు పట్టింది. బుధవారమని ఆమె చెప్పింది.

"బుధారం రా."

అంతే మాట్లాడారు. వాళ్లమ్మ ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాం. తిరుగు ఆటోలో ఆయన అలసిపోయి నా మీద ఒరిగి నిద్రపోయారు.

అట్లా పాఠం బుధవారానికి మారింది. నేను ఆఫీసులో ఉండేదాన్ని కనుక ఏం జరిగేదో చూడలేదు. సాయంత్రం వచ్చేసరికి బల్ల మీద గ్లాసులూ పళ్లేలూ పరిచి ఉండేవి. ఏ రాజ్యం ఏ తీరున ఉందో చూసి, ఈ రోజు బహమనీలేనా అని అడిగేదాన్ని. ఆయన అవుననో కాదనో చెప్పేవారు. కాదంటే ఎందుకు కాదో చెప్పేవారు. చెప్పేదాకా గ్లాసులు తియ్యనిచ్చేవారు కాదు. కుక్కర్ కడిగి, ఢిల్లీని స్టవ్ మీద పెట్టి, పప్పు వండేదాన్ని.

ఆమె పరీక్ష రాసింది కానీ, కోరుకున్న పెద్ద ఉద్యోగం రాలేదు. దానికంటే చిన్న పరీక్ష ఇంకోటి కూడా రాసింది, అది వచ్చింది. భువనగిరి వైపు తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. ఫోన్‌లో చెప్పకుండా వాళ్లమ్మను వెంటబెట్టుకుని నేరుగా ఇంటికే వచ్చింది. ఆయన కాళ్లకు దండం పెట్టబోతే లేపారు. ఎక్కడ పోస్టింగో విన్నారు. విని, చాలాసేపు తడుముకుని, "తరఫ్‌దార్" అన్నారు. బహమనీలు రాజ్యాన్ని తరఫ్‌లుగా విడగొట్టారు, ఒక్కో తరఫ్ మీద ఒక అధికారి. ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వాళ్లమ్మకేమీ అర్థం కాక నన్ను చూసింది. కూర్చోబెట్టి నేనే చెప్పాను, తరఫ్ అంటే ఏమిటో. ఆయన పక్క నుంచి తప్పులేమైనా వస్తాయా అని విన్నారు. రాలేదు.

ఇప్పుడు బుధవారం ఎవరూ రారు కానీ, ఆదివారం పొద్దున హాలు నిండుతుంది. ఆమె కంపెనీలో పనిచేసే ఇద్దరు మొదట వచ్చారు, తర్వాత పీర్జాదిగూడ నుంచి ఒకతను, ఉప్పల్ డిపోలో పనిచేసే ఒకాయన కూతురు. సార్ మెల్లగా చెబుతారని వస్తున్నామన్నారు, రాసుకోవడానికి అందుతుందట. పేర్లు, సంవత్సరాలు వాళ్లే ముందుగా చదివి రావాలి. అది మా ఇంటి పద్ధతి. ఆయన కుడిచెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. పొడుగు వాక్యాలు మధ్యలో విరుగుతాయి. కొన్ని రోజులు ఉత్సాహంగా ఉంటారు, కొన్ని రోజులు అసలు మాట్లాడరు. అలాంటి రోజు నేనే పుస్తకం తీసి చదువుతాను. ఇక్తా ఇప్పుడు సరిగ్గానే పలుకుతాను.

పాఠం అయ్యాక పిల్లల్ని సాగనంపడానికి ఆయన కిందికి దిగుతారు. మెయిన్ రోడ్డు దాకా నడుస్తారు, కాలు కాస్త ఈడ్చుతూ. మొన్న ఆదివారం బాల్కనీలోంచి చూశాను. బస్సుల మోతలో మాట వినిపించలేదు. ఆయన మధ్యలో ఆగి ఎడమచేత్తో గాలిలో ఏదో గీస్తున్నారు. పిల్లలంతా చుట్టూ మూగి వంగి వింటున్నారు. వాళ్ల బస్సు ఒకటి వచ్చింది, వెళ్లిపోయింది. ఎవరూ ఎక్కలేదు. నేను బట్టలు దండెం మీద ఆరేసి, అన్నం పెట్టడానికి లోపలికి వచ్చాను.